సౌండు తగ్గించే చెయ్యి

ఊళ్ళో ఏ దేవుడికి పెళ్ళి జరిగినా, ఏ దేవుడు పుట్టినా ముందు పీరయ్యకే కబురొచ్చేది. శ్రీరామనవమి పందిట్లో పాటలు పెట్టేది ఆయనే, క్రిస్మస్‌కి చర్చి మీద మైకు గొట్టాలు కట్టేది ఆయనే, పీర్ల పండక్కి చావిడి ముందు లైట్లు వేసేదీ ఆయనే. పెళ్ళిళ్ళూ, ఫంక్షన్లూ, ఎలక్షన్లూ సరేసరి. వాళ్ళ తాత ఇంటింటికీ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టినవాడు. బజార్లో రెడీమేడ్ పరుపులొచ్చి ఆ పని పడిపోయాక, నాన్న సత్తెనపల్లి వెళ్ళి ఎవరో వాడేసిన మైకు సెట్టు ఒకటి కొని, ఎడ్లబండి మీద ఊళ్ళోకి తెచ్చాడు. అప్పట్నుంచి ఆ కుటుంబానికి ఇంటిపేరంటూ ఒకటుందని ఊరు మర్చిపోయింది. మైకు సెట్టు పీరయ్య అంటేనే ఎవరికైనా తెలుస్తుంది.

మనిషి బక్కపల్చన. ఎప్పుడూ తల కాస్త ఒక పక్కకి వాల్చి దేన్నో వింటున్నట్టుంటాడు. వయసు యాభై దాటింది. నమాజుకి పండగలప్పుడు వెళ్తాడు, కోటప్పకొండ తిరణాళ్ళకి ఏటా వెళ్తాడు. "ఇంతకీ నీది ఏ మతం పీరయ్యా?" అని ఎవరైనా ఎకసెక్కమాడితే, "కరెంటు మతం. ఎవరు ముట్టుకున్నా కొడుతుంది" అనేవాడు. అలా అని నవ్వించగలిగిన రోజులు అవి.

ఊరి నడిబజారు చర్చి దగ్గర మలుపు తిరుగుతుంది. గుళ్ళో నుంచి బయల్దేరిన ఊరేగింపు ఏదైనా ఆ మలుపు మీదుగా పోవాల్సిందే, బండి పట్టే దారి ఇంకొకటి లేదు. మలుపు రాగానే పీరయ్య చెయ్యి తనంతట తానే వాల్యూమ్ మీదికి పోయేది. సౌండు తగ్గేది. చర్చి గోడ దాటి, పాస్టరు గారి ఇంటి ముందు చేతిపంపు దాటాక మళ్ళీ పెరిగేది. అలాగే క్రిస్మస్ రోజుల్లో గుళ్ళో సాయంత్రం హారతి వేళకి చర్చి మైకు ఆగేది. ఇదేమీ పెద్దమనుషులు కూర్చుని చేసుకున్న ఒప్పందం కాదు. వాళ్ళ నాన్న అలా చేసేవాడు, ఈయనా చేశాడు. ఆ చెయ్యి గుడిదీ కాదు, చర్చిదీ కాదు. అందుకే ఎవరికీ తాము తగ్గామనిపించేది కాదు. చదువుకున్నవాళ్ళు దీనికి పెద్ద పెద్ద పేర్లు పెడతారు. ఊళ్ళో మాత్రం దీనికి పేరే లేదు, అవసరం పడలేదు.

ఈ ఏడు నవమి శుక్రవారం నాడు వచ్చింది. క్రైస్తవులకి అవి శ్రమదినాలు. ఈస్టరు దాకా రోజూ సాయంత్రం చర్చిలో చేరి ప్రభువు పడిన శ్రమలు తలుచుకుంటారు. అంతకుముందు ఆ కూడికలు మైకు లేకుండానే జరిగేవి. ఈసారి పాస్టరు శ్యామ్ సుందర్ గారు అడిగితే, పీరయ్య తన పాత సెట్టు తీసుకెళ్ళి గుమ్మం పక్కన బల్ల కింద పెట్టి, డాబా మీద రెండు గొట్టాలు కట్టి వచ్చాడు. కట్టేసి, ఆ సంగతే మర్చిపోయాడు.

నవమి ఇంకా వారం ఉందనగా ప్రేమ్‌చంద్ వచ్చాడు. గుడి పెద్ద యలమందయ్య గారి అన్న కొడుకు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్లో పని చేస్తాడు. చిన్నప్పుడు "పీరు బాబాయ్, ఒక్కసారి మైకులో మాట్లాడతా" అని వెంటపడి వేధించినవాడే. ఇప్పుడు మెడలో కాషాయం కండువా, వెనక పీరయ్య ఎప్పుడూ చూడని కుర్రాళ్ళు.

"ఏం సాయిబూ, బాగున్నావా?" అన్నాడు.

బాబాయ్ పోయి సాయిబు ఎప్పుడొచ్చిందో పీరయ్య గమనించనే లేదు.

"ఈసారి ఆ డొక్కు గొట్టాలు కాదు, పెద్ద బాక్సులు కట్టాలి. ఇదుగో ఈ పెన్‌డ్రైవ్‌లో ఒక పాటుంది. చర్చి మలుపులో అదే పెట్టాలి. బండి అక్కడ కాసేపు ఆపుతాం."

"మలుపులో సౌండు తగ్గించడం మనూరి అలవాటే కదయ్యా..."

"అదే వద్దంటున్నా. మన పండక్కి మనం తగ్గడమేంటి? ఎన్నాళ్ళు తగ్గుతాం?" అని, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి నవ్వాడు. "నువ్వు మనోడివే కదా?"

తిట్టినా పీరయ్య అంత భయపడేవాడు కాదు. ఆ నవ్వుకి భయపడ్డాడు.

ఎవరు పెన్‌డ్రైవ్ ఇచ్చినా ముందు ఇంట్లో పెట్టి వినడం ఆయనకి అలవాటు. తలుపేసి, సన్నగా పెట్టాడు. భార్య ఫాతిమా మిరపకాయల కోత నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. పాటలో మొదట రాముడి పేరుంది. ఆ తర్వాత రాముడి పేరు అడ్డం పెట్టుకుని తిట్లున్నాయి. సిలువనీ నెలవంకనీ కలిపి కాళ్ళ కింద వేసి తొక్కుతామని ఉంది. తాళం మాత్రం బ్రహ్మాండంగా ఉంది. పీరయ్యని వణికించింది అదే. ఇన్నేళ్ళ పనిలో ఆయన చూశాడు. తాళం బాగుంటే జనం కాళ్ళు లేస్తాయి, కాళ్ళు లేస్తే నోళ్ళు లేస్తాయి, ఏం అన్నామో ఇంటికెళ్ళాక కూడా ఆలోచించరు.

ఫాతిమా గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"వెళ్ళమాక," అంది. "జ్వరమని పడుకో."

"నేను పోకపోతే టౌను నుంచి ఇంకోణ్ణి తెస్తారు. వాడికి ఆ మలుపేంటో, ఆ చర్చేంటో తెలీదు. పెట్టమన్న పాట పెట్టి చక్కా పోతాడు."

"పెడితే పెట్టనీ. మన చేతికి మట్టంటదు."

"శుక్రవారం సాయంత్రం ఫాతిమా. లోపల ఆడోళ్ళూ పిల్లలూ ఉంటారు."

"మరి నువ్వు వెళ్ళి, ఆ పాట పెట్టకపోతే? నిన్నేం చేస్తారు?"

ఆ రోజు నుంచి పీరయ్యకి అన్నం సయించలేదు. బజార్లో ఎవరైనా బండి ఆపితే గుండె ఆగేది.

యలమందయ్య గారితో ఓ మాట చెబితే పనవుతుందని కల్లానికి వెళ్ళాడు. ఎకరం మేర ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి అడుగు పెట్టగానే గొంతు మండింది. యలమందయ్య టార్పాలిన్ నీడలో కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్, మీవాళ్ళు ఇచ్చిన పాట... అదే, మీ ప్రేమ్‌చంద్ ఇచ్చిన పాట విన్నారా?"

"వినలేదురా. వినను కూడా. వింటే ఏదో ఒకటి చెప్పాల్సొస్తది."

"మీరు పెద్దోళ్ళు. మీరు ఒక్క మాటంటే..."

యలమందయ్య చుట్టూ చూశాడు. కల్లంలో పాలిపోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు దూరంగా ఉన్నారు. అయినా గొంతు తగ్గించాడు. "మొన్న వాడు నన్నే అడిగాడురా, బాబాయ్ నువ్వు అసలు హిందువేనా అని. ఆ గుడికి సున్నమేయించింది నేను. ధ్వజస్తంభం నిలబెట్టింది నేను. నన్ను అడిగాడు." పక్కనున్న కాయ ఒకటి తీసి తొడిమ తుంచి పారేశాడు. "ఏదో ఒకటి చెయ్యరా పీరూ. నువ్వు తెలివైనోడివి. నేను చెప్పానని మాత్రం ఎవరితో అనమాక."

పెద్దమనిషి అంటే ఇంతేనా అని పీరయ్యకి మండుకొచ్చింది. కానీ ఆ ముసలాయన కళ్ళలో తన భయమే కనపడితే ఏం పోట్లాడతాడు? కిందపడ్డ కాయలు నాలుగు పోగులో వేసి లేచాడు.

అక్కణ్ణుంచి చర్చికి పోయాడు. గుమ్మంలో ఎలీషా, ఇంకో ఇద్దరూ ఏదో మాట్లాడుతూ ఈయన్ని చూసి నోరు మూసుకున్నారు. ఎలీషా గోడౌన్లో మూటలు మోసే కుర్రాడు, భుజాలు బలంగా ఉంటాయి. లోపలికి అడుగు పెట్టగానే పీరయ్యకి తుమ్మొచ్చింది. కల్లం ఘాటు వేరు, ఇది దంచిన కారం ఘాటు. మూలన బేసిన్ నిండా కారం, పక్కన కట్టిపెట్టిన పొట్లాలు.

"ఇదేంటి అయ్యగారూ?"

శ్యామ్ సుందర్ గారు తల దించుకున్నారు. "వద్దని చెప్పాను పీరయ్యా. వినడం లేదు. ఎక్కడో చర్చి తగలబెట్టిన వీడియో ఫోన్లలో చూశారు. పక్క మండలంలోనే అంటున్నారు."

"పక్క మండలంలో అలాంటిదేం జరగలేదండీ. నేను రోజూ తిరుగుతాగా."

"జరగలేదనే నేనూ చెప్పాను. భయపడ్డోడికి అది ఏ ఊరైతేనేం?"

పీరయ్య తను అనుకున్నది చెప్పాడు. మలుపులోకి రాగానే బాక్సుల వైరు పీకేస్తాడు. సెట్టు పాడైందంటాడు. కాసేపు అరుస్తారు, తిడతారు, ముందుకి పోతారు. మీవాళ్ళని గేటు దాటకుండా చూసుకోండి, అంతే చాలు. పాస్టరు గారు ఆయన రెండు చేతులూ పట్టుకుని ప్రార్థన చేశారు. ఆ చేతులు చల్లగా ఉన్నాయి. బయటికి వస్తుంటే ఎలీషా అడ్డంగా నిలబడ్డాడు.

"ఇంతకీ నువ్వు ఎవరి వైపు బాబాయ్?"

పీరయ్య పక్కనుంచి తప్పుకుని వచ్చేశాడు. అంత మాట్లాడుకున్నారు గానీ, నెత్తిమీద డాబాపై ఉన్న మైకు గొట్టాల సంగతి ఆ రోజు ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

శుక్రవారం పొద్దు వాలాక ఊరేగింపు కదిలింది. సీతారాముల పల్లకీ ముందు, దాని వెనక డప్పులు, ఆ వెనక ట్రాలీ ఆటోలో బాక్సులు. బాక్సుల మధ్య ఇరుక్కుని మిక్సర్ ముందు పీరయ్య. పక్కన జనరేటర్ మోత. ఆయన చేతిలో వైర్లు కత్తిరించే కటింగ్ ప్లేయర్ ఉంది. ప్రేమ్‌చంద్ ట్రాలీ ఎక్కి ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చూసేవాళ్ళకి అభిమానంలాగే ఉంటుంది. ఏటా పల్లకీ ముందు కొబ్బరికాయలు కొట్టే ఆడవాళ్ళు ఈసారి అరుగుల మీదే ఆగిపోయారు. దారి నిండా మగపిల్లలే, అందులో సగం మంది వేరే ఊళ్ళ వాళ్ళు. పీరయ్య తెలిసిన మొహం కోసం వెతుక్కున్నాడు. చివర్న ఎక్కడో యలమందయ్య తలపాగా కనపడి మళ్ళీ జనంలో కలిసిపోయింది.

మలుపు వచ్చింది. ఆటో ఆగింది. చర్చి గేటు లోపల నీడల్లో మనుషులు కదులుతున్నారు. తన భయం భుజం మీద చేతికి తెలిసిపోతుందేమోనని పీరయ్య మిక్సర్ మీదికి వంగాడు.

"పెట్టు," అన్నాడు ప్రేమ్‌చంద్.

పెట్టాడు. రాముడి పేరు బజారంతా మోగింది. జనం గంతేశారు. తిట్లు మొదలయ్యే చరణం దగ్గరికొస్తుండగా పీరయ్య కిందికి వంగి వైరు లాగేశాడు.

నిశ్శబ్దం. అంతే, ఒక్క క్షణం. మరుక్షణం నెత్తిమీద నుంచి పాస్టరు గారి గొంతు ఊరంతా మోగింది. "విజయం నీదే ప్రభువా! విజయం నీదే! హల్లెలూయ!"

తన సెట్టే. తను కట్టిన గొట్టాలే. ఇంతసేపూ బాక్సుల మోతలో అది వినపడలేదు. ఇటు సౌండు చంపేసి అటు సౌండు లేపింది తనే. వారం రోజులుగా ఒక వైపు నుంచే భయపడ్డాడు, రెండో వైపు మర్చిపోయాడు. నాన్న బతికుంటే చెంప పగలగొట్టేవాడు.

"మనది ఆపి వాళ్ళది వినిపిస్తావా రా సాయిబూ!" ప్రేమ్‌చంద్ ఆయన చొక్కా పట్టుకున్నాడు. కింద ఎవరో రాయి కోసం వంగారు. లోపల పాస్టరు గారికి బయట ఏం జరుగుతోందో తెలీదు, కళ్ళు మూసుకుని విజయం విజయమని గొంతెత్తుతూనే ఉన్నారు.

పీరయ్య చొక్కా విదిలించుకుని ట్రాలీ మీద నుంచి దూకాడు. చర్చి వైపు పరుగెత్తాడు. ఆ గొట్టాల నోరు మూయించాలి, అదొక్కటే ఆయన బుర్రలో ఉంది. చేతిలో కటింగ్ ప్లేయర్ ఉందన్న స్పృహ కూడా లేదు. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళకి కనపడింది మాత్రం వేరు. ఊరేగింపులోంచి ఒకడు ఇనుప ముక్క పట్టుకుని మీదికొస్తున్నాడు. ఎలీషా చెయ్యి లేచింది.

కారం పొట్లం మొహాన పగిలింది.

మిరప ఊళ్ళో పుట్టినవాడికి కారం కొత్త కాదు. అయినా అది కళ్ళలో నిండితే ప్రాణం పోయినట్టే ఉంటుంది. పీరయ్య కేక కూడా వేయలేకపోయాడు. తడుముకుంటూ, గోడ పట్టుకుంటూ, మెట్లెక్కి గుమ్మం పక్కన బల్ల కిందికి చెయ్యి పోనిచ్చాడు. కళ్ళు పోయినా ఆ చేతికి దారి తెలుసు. వాల్యూమ్ దొరికింది. తిప్పాడు. పాస్టరు గారి గొంతు గొట్టాల్లోంచి దిగి మామూలు మనిషి గొంతై, ఆ తర్వాత అదీ ఆగిపోయింది.

బయట నుంచి ప్రేమ్‌చంద్ అరుపు. "మనోణ్ణి కొట్టార్రా! కళ్ళలో కారం కొట్టారు!"

ఇంతసేపూ సాయిబు, ఇప్పుడు మనోడు. పీరయ్యకి ఆ మంటలోనూ సంగతి అర్థమైంది. ఈ ఊరు తగలబడటానికి ఇప్పుడు తన కళ్ళు చాలు. గోడ పట్టుకుని మెట్ల మీదికి వచ్చాడు. కన్నీళ్ళూ చీమిడీ కలిసి కారిపోతున్నాయి. ఎదురుగా ఎంతమంది ఉన్నారో తెలీదు, ఎవరి చేతిలో ఏముందో తెలీదు. ఎర్రటి చీకటి తప్ప ఏమీ లేదు.

"ఎవరూ కొట్టలేదు!" అని అరిచాడు. "పొద్దున కల్లంలో కాయలు పోగేసి చెయ్యి కడుక్కోలేదు. చెమటకి కళ్ళు నులుముకున్నా. అంతే! ఎవరూ కొట్టలేదు!"

చొక్కా నిండా కారం ఎర్రగా కనపడుతూనే ఉంది. అది చూడని గుడ్డివాడు అక్కడ పీరయ్య ఒక్కడే. కానీ మిరప కోతల కాలంలో ఆ తప్పు చెయ్యని ఇల్లు ఊళ్ళో లేదు. కల్లం నుంచి వచ్చి, మర్చిపోయి కళ్ళు నులుముకుని, తమని తామే తిట్టుకోనివాళ్ళు ఆ బజారులో ఎవరూ లేరు. అబద్ధమని తెలుస్తున్నా కాదనడానికి ఎవరికీ వెంటనే నోరు రాలేదు. ఆ సందులో యలమందయ్య జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. పీరయ్య చొక్కా వంక చూశాడు, గేటు దగ్గర ఎలీషా వంక చూశాడు.

"పొద్దున మా కల్లంలోనే ఉన్నాడు," అన్నాడు గట్టిగా. "చెయ్యి కడుక్కోరా ఎదవా అంటే విన్నాడా? నీళ్ళు పోయండే ఎవరన్నా!"

అరుగు మీద ఎవరో ఆడమనిషి భయంభయంగా నవ్వింది. పాస్టరు గారి భార్య రెబ్కా పరుగెత్తుకెళ్ళి చేతిపంపు కొట్టడం మొదలుపెట్టింది. డప్పుల వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మెల్లిగా దరువు అందుకున్నారు. పల్లకీ కదిలింది. పక్కూరి కుర్రాళ్ళు కాసేపు నిలబడి, తమకేం పనో తెలియక వెనకే పోయారు. ప్రేమ్‌చంద్ మాత్రం వెనక్కి తిరిగి చూస్తూ చూస్తూ వెళ్ళాడని, అరుగుల మీద ఆడవాళ్ళ నోట విని తర్వాత ఫాతిమా చెప్పింది.

ఇక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది. కథ చెప్పేవాడికీ ప్రాణం సుఖంగా ఉండేది.

పీరయ్య కళ్ళు వాచి మూసుకుపోయాయి. చూపుకేం ఢోకా లేదన్నాడు డాక్టరు. ఆయన మంచం మీద ఉండగానే యలమందయ్య వచ్చాడు. గుడికి సొంతంగా బాక్సులూ మిక్సరూ కొన్నారట, కుర్రాళ్ళు చందాలు వేసుకున్నారట. ప్రేమ్‌చందే నడుపుతాడట. "నీ మీద కోపమేం లేదురా," అన్నాడు లేస్తూ. ఆయన గొంతులో నిజంగానే కోపం లేదు, సిగ్గుంది.

తర్వాత పాస్టరు గారు బత్తాయిలు పట్టుకుని వచ్చారు. "మా దగ్గర నీ సెట్టు ఉంటే వాళ్ళ కళ్ళు నీ మీదే ఉంటాయి పీరయ్యా. అందుకే మేం కొత్తది తెచ్చుకున్నాం. నీ మంచికే." ఆయన వెనకాల ఎలీషా పాత దుప్పటిలో చుట్టిన మైకు గొట్టాలు మోసుకొచ్చాడు. వాటిని పసిబిడ్డని దించినట్టు మంచం పక్కన దించాడు. "బాబాయ్..." అన్నాడు. పీరయ్య తడిమి వాడి మోచెయ్యి పట్టుకుని, "పోరా, పో," అన్నాడు.

ఒకరు సిగ్గుతోనూ, ఒకరు ప్రేమతోనూ ఆయన చేతిలోది తీసుకుపోయారు. ఇక గుడి మైకు గుడి చేతిలో, చర్చి మైకు చర్చి చేతిలో. వచ్చే నవమికి ఆ మలుపులో రెండు చేతులుంటాయి, రెండూ పెంచేవే. వాచిన రెప్పల వెనక పీరయ్య ఆ మలుపునే చూస్తూ పడుకున్నాడు. కారం మంట తగ్గింది గానీ ఆ చూపు వదల్లేదు.

పీరయ్య ఇల్లు సరిగ్గా గుడికీ చర్చికీ నడుమ ఉంటుంది. ఈస్టరు నాడు తెల్లారకముందే చర్చి కొత్త మైకు మొదలైంది. ఆ వెంటనే గుళ్ళో సుప్రభాతం అందుకుంది. ఇది పెంచితే అది పెంచింది. ఏ మాటా తెలియడం లేదు, గోడకి తగిలించిన గిన్నెలు గలగలలాడుతున్నాయి. ఫాతిమా ఉలిక్కిపడి లేచింది. పీరయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు మూసి ఉన్నాయి. కుడిచెయ్యి ముందుకి చాచి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో మెల్లిగా ఎడమకి తిప్పుతున్నాడు.

"ఏవయ్యా, ఏం చేస్తున్నావు?" అని ఫాతిమా అడిగింది. ఆ హోరులో ఆయనకి వినపడలేదు.